మిట్టు తిట్టడం మానేసిన మధ్యాహ్నం

నేను పోస్టింగ్‌లో చేరేసరికి ఉదయం ఆరున్నర. ప్రయాణం హాల్లోంచి పడకగదికి. మంచులో, ఇసుకలో, జలగల అడవిలో డ్యూటీ చేసి, హవల్దారుగా రిటైరై, వరంగల్ కాశిబుగ్గలో ఇంటికొచ్చి పడ్డవాణ్ణి. ఇంత ప్రమాదకరమైన ఏరియాకు దేశం నన్నెప్పుడూ పంపలేదు. అక్కడ మా మూడున్నరేళ్ల మిట్టు బకెట్‌ను రెండు చేతులా పట్టుకుని కక్కుతోంది. పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ.

చార్జి అప్పగించింది మా ఆవిడ. ఆమె టీచరు. నర్సంపేటలో పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది. సెలవడిగితే పైవాళ్లు ఇవ్వలేదు. చెప్పులు తొడుక్కుంటూనే ఆర్డర్లు జారీ చేసింది.

“ఇగో, వినుర్రి. రాత్రిసంది మూడు మాట్లు విరేచనాలైనయ్. ఓఆర్‌ఎస్ పాకెట్ మొత్తం లీటర్ నీళ్లల్లనే కలపాలె. గ్లాసుల కలపకుర్రి! చెంచతోని జరంత జరంత తాపుర్రి. కక్కితే పది నిమిషాలాగి మళ్ల తాపుర్రి. మిలిటరీ కథలు చెప్పుకుంట కూసోకుర్రి.”

“ఫికర్ చేయకు. పానం పోయినా పోస్టు వదిలిపెట్ట.”

“ఆ మాటకే నాకు భయమైతాంది” అంటూ ఆమె బస్సుకు పరుగెత్తింది. పరీక్ష హాల్లో ఫోను ఆపేయాలి. అంటే మధ్యాహ్నం దాకా హెడ్‌క్వార్టర్స్‌తో సంబంధాలు లేవు.

భూభాగం వివరిస్తాను. మధ్యలో మంచం. ఉత్తరాన కూలర్, దాని మోత ముందు యుద్ధ ట్యాంకులు తలదించుకోవాలి. తూర్పున కిటికీ, అందులోంచి మార్చి ఎండ. కిట్: లీటరు స్టీలు బాటిల్, చెంచా, థర్మామీటరు, హిమాలయమంత తువ్వాళ్ల గుట్ట, ఒక బెటాలియన్‌కు సరిపడా ఉతికిన గౌన్లు. పదకొండు దాటేసరికి ఆ బెటాలియన్ మొత్తం దండెం మీద ఆరుతోంది.

మిత్రదళం మా అత్తమ్మ. ముందురోజే నెక్కొండ నుంచి రైల్లో దిగింది. మనిషి పిడికెడు, గొంతు ఫిరంగి. యుద్ధవ్యూహంలో మాత్రం మా ఇద్దరికీ మొదటి చెంచా దగ్గరే చెడింది.

“ఆ నీళ్లెందుకు పోస్తానవ్ అల్లుడా? పోసినకొద్ది కక్కుతాంది. కడుపు ఎండగట్టాలె. లంఖణం పరమౌషధం అన్నరు పెద్దలు.”

“పెద్దలు పెద్దల గురించి అన్నరు అత్తమ్మా. ఇది పిల్ల. ఉన్న నీళ్లన్నీ బయటికి పోతానయ్.”

“ఓటి కుండల ఎన్ని పోస్తే ఏం ఫాయిద?”

“ఓటి కుండకే ఎక్కువ పొయ్యాలె గదా!”

అత్తమ్మ మూతి తిప్పుకుంది. నేను తగ్గలేదు. సరఫరా తెగిన దళం ఎంత వీరుల దళమైనా నిలవదు. ఈ ముక్క సైన్యంలో వంటవాడికి కూడా తెలుసు. చెంచాతో ముందుకు కదిలాను. మిట్టు ఎదురుదాడికి దిగింది.

“పో డాడీ! నీ నీళ్లు గలీజ్! నువ్వు గలీజ్! నీ మీసం గలీజ్!”

నా మీసాన్ని సరిహద్దు అవతలి వాళ్లు కూడా అంత మాట అనలేదు. ఆపైన కాలితో ఒక తన్ను తన్నింది. నేను వెళ్లి గోడకు తగిలాను. గోడ మీది పెళ్లి ఫోటో ఇప్పటికీ వంకరగానే ఉంది. మొత్తం మీద మూడు చెంచాలు వేస్తే ఒకటి మిట్టు గొంతు దిగింది. మిగతా రెండూ నా బనీను తాగింది. ఆ రోజు వరంగల్ జిల్లాలో నా బనీనంత ఆరోగ్యంగా ఉన్నది ఇంకోటి లేదు.

పన్నెండు దాటాక పరిస్థితి మారింది. మరో రెండు వాంతులు. విరేచనాలు ఉత్త నీళ్లలా పోయాయి. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. చెంచా పెట్టాను. మిట్టు నోరు తెరిచింది. తన్నలేదు, మీసం జోలికి రాలేదు. వేసిన నీళ్లలో కొన్ని పెదవి పక్కనుంచి కారిపోయాయి. తుడుచుకోనూ లేదు.

“సల్లబడ్డది బిడ్డ. పండుకోనియ్యి. నిద్రే సగం మందు” అంది అత్తమ్మ.

నేనూ మురిశాను. ‘ఏరియా ప్రశాంతం’ అని మా ఆవిడకు మెసేజ్ పెట్టడానికి ఫోను తీశాను. సగం టైపు చేశాక వేలు ఆగింది.

మంచు కొండ మీద మా పోస్టు కమాండర్ ఒకాయన ఉండేవాడు. కాపలాలో ఉన్నవాడి గురించి రేడియోలో ఒకే ప్రశ్న వేసేవాడు: “తిడుతున్నాడా?” చలిని, పప్పును, ఆ కమాండర్‌ను కలిపి తిడుతున్నాడంటే మనిషి బాగున్నట్టు. “తిట్టడం మానేస్తే వెంటనే కిందికి దించండి. నన్ను అడగొద్దు” అనేవాడు. ఒకసారి మా రేడియో ఆపరేటర్ తిట్టడం మానేశాడు. బుద్ధిగా కూర్చుని నవ్వాడు. స్ట్రెచర్ మీద దించాం. బతికాడు. ఇప్పటికీ పండగలకు ఫోన్ చేసి తిడతాడు.

ఫోను పక్కన పడేశాను.

“మిట్టూ, డాడీ మీసం ఎట్లున్నది?”

కళ్లు సగం తెరిచింది. మళ్లీ మూసుకుంది. కళ్ల చుట్టూ గుంటలు. నాలుక ఎండిన ఆకులా ఉంది. భుజం పట్టి కదిపితే సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపులో కన్నీళ్లు లేవు.

“అత్తమ్మా, పిల్ల పొద్దటిసంది ఒంటికి పోయిందా?”

“నువ్వు తీస్కపోయినవనుకున్న.”

“నేను నువ్వు తీస్కపోయినవనుకున్న.”

ఒకే గేటుకు ఇద్దరు సెంట్రీలను పెడితే జరిగేది ఇదే. ఇది నిద్ర కాదు. పోస్టు పట్టుకుని వేలాడే సమయం దాటింది. వెనక్కి తగ్గి బలగాలు పిలవడం ఓటమి కాదని పుస్తకాల్లో రాస్తారు. మీసమున్నవాడికి ఆ పేజీ కనిపించదు. నాకు కనిపించింది. మిట్టును భుజాన వేసుకుని గుమ్మంలోంచి ఆటోను కేకేశాను. ఆ కేకకు రెండు ఆటోలు, ఒక పాల వ్యాను ఆగాయి.

వెనక్కి తిరిగితే అత్తమ్మ గుప్పెట్లో రాళ్ల ఉప్పు, ఎండు మిరపకాయలు. నా భుజం మీదున్న మిట్టు చుట్టూ తిప్పేస్తోంది.

“అయిపోయింది అల్లుడా. పొయ్యిల ఏసొస్త, ఆగు. దిష్టి తీసినయి కింద పెట్టద్దు.”

“మన లైటర్ పది మాట్లు కొడితేగాని అంటుకోదు! పిడికిలి గట్టిగ పట్టుకో. అట్లనే ఆటో ఎక్కు. ఇది ఆర్డర్!”

నా సర్వీసులో సుబేదార్లకు ఎదురు చెప్పాను గానీ, అత్తగారికి ఆర్డరివ్వడం అదే మొదలు. అత్తమ్మ నాకన్నా ముందే ఎక్కింది.

“పిల్లల దవాఖాననా సార్? గట్టిగ పట్టుకోర్రి” అన్నాడు డ్రైవర్. పోచమ్మ మైదాన్ దగ్గర ఆ ఆటో చక్రాలు నేలను తాకలేదు. నేను ప్రత్యక్ష సాక్షిని. మిట్టు తల ఎత్తి పట్టుకుని, మింగుతోందా లేదా చూసుకుంటూ చెంచాతో తడుపుతున్నాను. అత్తమ్మ కుడి పిడికిలి బిగించి, ఎడం చేత్తో బాటిల్ పట్టుకుంది.

“పొయ్యి అల్లుడా. మెల్లగ పొయ్యి. ఆపకు” అంది.

లంఖణం పక్షం ఆయుధాలు దించేసింది.

దవాఖానలో డాక్టరమ్మ మిట్టు పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది మెల్లగా, బద్ధకంగా వెనక్కి వెళ్లింది. వెంటనే సెలైన్ పెట్టించింది. సూది గుచ్చినా మిట్టు గట్టిగా ఏడవలేదు. నేను మంచం పక్కన అటెన్షన్‌లో నిలబడ్డాను.

“రేపు చూద్దాం అనుకుంటే చాన కష్టమైతుండె. తాపుడు ఆపకపోవుడు, పిల్ల డల్ అయితానే తీస్కరావుడు, రెండూ మంచి పనులు చేసిన్రు” అందామె. పరమవీరచక్రం ఇచ్చినా ఛాతీ అంత ఉబ్బేది కాదు.

అప్పుడే మా ఆవిడ నుంచి ఫోనొచ్చింది.

“నర్సంపేట, నర్సంపేట, నేను కాశిబుగ్గ. మిట్టును దవాఖానకు తరలించినం. సెలైన్ ఎక్కుతాంది. డాక్టర్ భయం లేదంటాంది. ఓవర్.”

“మీ ఓవర్ల బొంద! ఏ దవాఖాననో చెప్పుర్రి ముందుగాల!”

మర్నాడు ఉదయం ఇంటికి తిరిగొచ్చాం. మిట్టు నా భుజం మీద, జింక్ సిరప్ మా ఆవిడ సంచిలో. కాలనీ మొత్తం బారులు తీరి స్వాగతం పలికింది. నిజానికి వచ్చింది ఎదురింటి పిన్నమ్మ ఒక్కతే, ఆమె చేతిలో చీపురు కూడా ఉంది.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు సరిహద్దు కనిపించదు, మంచు కనిపించదు. ఆ మొదటిరోజు సాయంత్రం దవాఖాన మంచం కనిపిస్తుంది. దిష్టి ఉప్పు వెయ్యడానికి అక్కడ పొయ్యి ఎక్కడుంటుంది? అత్తమ్మ పిడికిలి అట్లనే బిగించి కూర్చుంది. చాయ్ కూడా ఎడం చేత్తోనే తాగింది. సెలైన్ సగం పైన ఎక్కాక మిట్టు కళ్లు తెరిచింది. నన్ను చూసింది, పైన వేలాడే సీసాను చూసింది, అమ్మమ్మ చేతిని చూసింది.

“అమ్మమ్మా, చేతుల ఏం దాస్తానవ్? చాక్లెట్టా?”

“చాక్లెట్ కాదు బిడ్డా.”

“అబద్దం! దొంగ అమ్మమ్మా! గలీజ్ అమ్మమ్మా! ఇయ్యి!”

సూది లేని చేత్తో ఆ ముసలి పిడికిలిని పట్టుకుని ఒక్కో వేలూ లాగుతోంది. చెమటకు కరిగిన ఉప్పు అత్తమ్మ మణికట్టు మీదుగా కారుతోంది. ఆమె పిడికిలి ఇంకా బిగిస్తోంది, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి లేక ఏడుస్తూనే నవ్వుతోంది. “ఇంకింత తిట్టు బిడ్డా,” అంటోంది, “ఇంకింత గట్టిగ తిట్టు.”