తప్పు లినక్స్‌దే అన్నారు

ఇది కోపంతో రాస్తున్నాను, ముందే చెబుతున్నాను. చల్లారాక రాద్దామని కొన్నాళ్లు ఆగి చూశాను. చల్లారలేదు.

సూర్యాపేటలో మేముండేది అక్కవాళ్ల ఇంట్లోనే. పైన అక్క, బావ. కింద నేను, మా పాప. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో సూపర్‌వైజరు. మిల్లు పక్కనే గది తీసుకొని, ఆదివారాలు వచ్చి పోతుండేవాడు. పాప చదువు కోసం, నిజం చెప్పాలంటే అంతకంటే ఎక్కువగా అక్క కోసం, నేను సూర్యాపేటలో ఉండిపోయాను. అక్క పైన ముందుగదిలో ట్యూషన్ నడిపేది. తెలుగు, సోషల్ తను చెప్పేది, లెక్కలు, సైన్సు నేను చెప్పేదాన్ని. బడి వదలగానే పిల్లలు మెట్ల దగ్గర చెప్పులు గుట్టగా విడిచి పైకి ఉరికేవాళ్లు. బోర్డు మీద అక్క పేరే ఉండేది. అక్కది వేరు, నాది వేరు అనే లెక్క నాకు అప్పటికి రాదు.

బావ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. తన పాత లాప్‌టాప్ ఒకటి మూలుగుతూ నడుస్తుంటే, దాన్ని మొత్తం తుడిచేసి, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి నాకిచ్చాడు. లినక్స్ ఎవరూ అమ్ముకునేది కాదని, ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి అందరికీ వదిలేశారని, కావాలంటే లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చని చెప్పాడు. "దీంట్ల దాపరికం ఉండదు. లోపల ఏం జరిగినా నీకు రాసి సూపిస్తది" అన్నాడు. ఆ మాట అన్నది ఆయనే. నేను మరిచిపోలేదు.

మొదటిరోజు అందులో వైఫై రాలేదు. ఆ లాప్‌టాప్‌లోని వైఫై కార్డును పనిచేయించే డ్రైవర్ ప్రోగ్రాం లినక్స్‌తో కలిసి రాదట, విడిగా దించుకోవాలట. డ్రైవర్ దించుకోవాలంటే నెట్టు కావాలి, నెట్టు రావాలంటే డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది అని నేను నవ్వాను. మర్నాడు బావ కాలేజీ నుంచి పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్ తెచ్చి, నల్ల తెర మీద ఏమేం కొట్టాలో పక్కన కూర్చుని చెప్పాడు. కొట్టింది మాత్రం నేనే. మూలన ఉన్న వైఫై గుర్తు ఒక్కసారిగా నిండింది. నేను వంటింట్లోకి పరుగెత్తి పాపకు చెప్పాను, మెట్లెక్కి అక్కకు చెప్పాను, ఫోన్ చేసి మా ఆయనకు చెప్పాను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు గానీ మంచిదే అన్నాడు.

ఆ తర్వాత ఏడాదికి కోదాడ నుంచి పిలుపొచ్చింది. పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించే కోచింగ్ సెంటర్ ఒకటి లెక్కల టీచర్ కోసం చూస్తోంది. ఇంటి నుంచే చెప్పొచ్చు. ముందు లాప్‌టాప్ మీద డెమో క్లాసు చెప్పాలి, నచ్చితే తీసుకుంటారు. పెళ్లికి ముందు నేను పాఠాలు చెప్పిన ప్రైవేటు బడి మూతపడింది. తర్వాత నా పేరు మాయమైపోయింది. ఊళ్లో నేను ట్యూషన్ మేడమ్ చెల్లెలిని, పాప వాళ్ల అమ్మని. ఈ పని వస్తే తెర మీద నా పేరు ఉంటుంది. నాకు కావలసింది అదే. చిన్నపిల్ల పండుగ గౌనుకు ఎదురుచూసినట్టు ఎదురుచూశాను.

ముందుగా చెప్పింది అక్కకే. క్లాసులు సాయంత్రం పూట ఉంటాయంటున్నారు, మన ట్యూషన్ సంగతి ఎలా అని కూడా నేనే అడిగాను. ముందు పని రానీయవే, తర్వాత చూసుకుందాం అని సేమియా పాయసం చేసింది. గిన్నె అడుగునున్న జీడిపప్పు అంతా నా గిన్నెలోకి వొంపింది.

ఆ వారంలోనే నా లాప్‌టాప్‌కు వైఫై ఆగిపోయింది.

ఫోన్‌కు వస్తుంది. పాప టాబ్‌కు వస్తుంది. పైన వాళ్లందరికీ వస్తుంది. నా లాప్‌టాప్‌కే రాదు. తెర మీద వీధిలో వాళ్లందరి వైఫై పేర్లూ వరసగా కనిపిస్తాయి, మా ఇంటిది అన్నిటికంటే పైన నిండుగా కనిపిస్తుంది. నొక్కి పాస్‌వర్డ్ కొడితే కాసేపు గిరగిరా తిరిగి మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. బావ దిగొచ్చి చూశాడు. "మొన్న అప్‌డేట్ కొట్టినవ్ గద. డ్రైవర్ ఖరాబైంది. లినక్స్‌తోని గిదే లొల్లి" అన్నాడు. నేను అప్‌డేట్ కొట్టిన మాట నిజమే. కాబట్టి నమ్మాను.

పాత పెన్‌డ్రైవ్ పెట్టి ఆ డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. పాతది వేశాను. అప్‌డేట్‌కు ముందున్న రూపంలోకి తీసుకెళ్లి చూశాను. చివరికి లాప్‌టాప్ మొత్తం చెరిపి మొదటి నుంచీ లినక్స్ ఎక్కించాను. అన్నం పొయ్యి మీద మాడింది, పాప జడ సగం వేసి వదిలేశాను. మధ్యాహ్నాలు బావ వచ్చి చాప మీద నా పక్కనే కూర్చునేవాడు. ఆ నల్ల తెర మీద తనూ ఏవేవో కొట్టేవాడు, కనుబొమ్మలు ముడిచేవాడు, "అరె, గిప్పుడు రావాలె గద" అని తొడ చరిచేవాడు. తాళంచెవి జేబులో పెట్టుకొని నాతో కలిసి ఇల్లంతా వెతికిన మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. అక్క టీ తెచ్చిచ్చి నా వీపు నిమిరేది. ఊరికే వచ్చినదాంతో ఇదే పరేషాన్, వదిలెయ్యవే అనేది.

లినక్స్ వాడేవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకునే చోటు ఇంటర్నెట్‌లో ఉంది. ఫోన్‌లో నుంచి అక్కడ నా గోడు రాశాను. ఏ దేశం మనిషో తెలియదు, ఒకాయన జవాబిచ్చాడు. లాప్‌టాప్ లోపల ఏం జరిగిందో అది రాసుకున్న వరసలు ఫొటో తీసి పంపమంటే పంపాను. ఆయన ఓపిగ్గా చదివి ఇలా చెప్పాడు: కార్డు బాగుంది, అది పాడైతే వీధిలోవాళ్ల పేర్లు కనిపించవు. ఇంట్లో వైఫై పంచే పెట్టె, మీ రౌటరే, దీన్ని వెనక్కి పంపుతోంది. ప్రతి కార్డుకూ ఒక నంబరు ఉంటుంది, ఫలానా నంబరును రానివ్వొద్దని రౌటర్‌కు చెప్పి పెట్టవచ్చు. మీ రౌటర్ చూసుకునే వాళ్లను అడగండి. అడగడం ఇష్టం లేకపోతే, లినక్స్ సెట్టింగుల్లో ఆ నంబరు మార్చుకొని చూడండి, క్షణంలో తెలిసిపోతుంది.

రౌటర్ చూసుకునేది బావ. ఆ జవాబు తీసుకెళ్లి బావకే చూపించాను. ఆయన పైనుంచి కిందికి చదివి నవ్వాడు. ఎక్కడో కూర్చున్నవాడికి మన ఇంటి సంగతి ఏం తెలుసు అన్నాడు. అంతే కదా అన్నాను నేను. రౌటర్ మా ఇంటివాళ్లదే, అందులో తప్పుండదని ఆ పెద్దమనిషికి కాస్త గట్టిగానే రాశాను. సరేనండీ, మీకు మేలు జరగాలని రాసి ఊరుకున్నాడు. నంబరు మార్చి చూడలేదు. చూడటమంటే బావ చొక్కా జేబులో చెయ్యి పెట్టినట్టే అనిపించింది.

డెమో రోజు వచ్చింది. వీధిలో ఎవరినైనా అడుగుదామంటే, ఉప్పు అడగొచ్చు గానీ పాస్‌వర్డ్ అడిగే రోజులా ఇవి? ఇంట్లో వైఫై ఉంది కదా అని నా ఫోన్‌కు మాటల వరకే రీచార్జ్ చేయించుకునేదాన్ని. ఆ రోజు డేటా వేయించి, వైర్‌లెస్ ఎలాగూ చచ్చిందనుకొని, ఫోన్‌ను తీగతో లాప్‌టాప్‌కు కలిపాను. ఫోన్‌లో తీగ గుచ్చే చోటు వదులు. కదిలితే పోతుంది. అక్క పక్కన కూర్చుని, నువ్వు పాఠం చెప్పు, తీగ నేను పట్టుకుంటాను అంది.

సరూప త్రిభుజాలు మొదలుపెట్టాను. బాగా చెబుతున్నానని నాకే తెలుస్తోంది. మధ్యలో తెగింది. మళ్లీ కలిపాను, మళ్లీ తెగింది. మూడోసారి కలిపేసరికి అవతల ఎవరూ లేరు. కోదాడ సారు ఫోన్ చేసి, పాఠం బానే చెప్తున్నారండీ, కానీ నెట్టు ఇలా ఉంటే పిల్లలు ఆగరు కదండీ అన్నాడు. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. నేను అక్క ఒళ్లో తల పెట్టి ఏడ్చాను.

ఇక లినక్స్ వద్దనుకున్నాను. వరికోతలు అయిపోయి మిల్లు ముందు ధాన్యం లారీలు బారులు తీరిన రోజులవి, మా ఆయనకు రావడం కుదరలేదు. పాపను తీసుకొని నేనే మిర్యాలగూడ వెళ్లాను. లాప్‌టాప్ తెచ్చుకో, మిల్లులో కంప్యూటర్లు చూసే ఆయన దాన్ని తీసేసి వేరేది ఎక్కిస్తాడు అన్నాడు మా ఆయన. మిల్లు ఆఫీసులో ఆ కంప్యూటర్ల ఆయన కోసం ఎదురుచూస్తూ, నా పాఠాలు పక్కన దాచుకుందామని లాప్‌టాప్ తెరిచాను. మిల్లు వైఫై పేరు కనిపించింది. అలవాటుగా నొక్కాను. మా ఆయన లారీ డ్రైవర్‌తో మాట్లాడుతూనే పాస్‌వర్డ్ చెప్పాడు. కొట్టాను.

కలిసింది. అడ్డూ లేదు, ఆలస్యమూ లేదు.

"బానే ఉంది గద. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ కత" అని మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. చుట్టూ తవుడు దుమ్ము తేలుతోంది. ఆ ముక్కు మొహం తెలియని మనిషి రాసిన ప్రతి అక్షరం గుర్తొచ్చింది. అయినా నా మనసు ఇంకేదైనా కారణం ఉంటుందేమో అని వెతికింది. అంత ఇష్టం నాకు వాళ్లంటే.

మర్నాడు పాపను వాళ్ల నాన్న దగ్గర వదిలి, హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సెక్కి కోదాడ వెళ్లాను. కోచింగ్ సెంటర్‌లోనూ క్షణంలో కలిసింది. సారూ, చూడండి, నా నెట్టుకు ఏమీ కాలేదు, ఇంకొక్కసారి పాఠం చెప్పనివ్వండి అన్నాను. అంత దీనంగా నేను ఎవరినీ అడిగింది లేదు. ఆయన ఇబ్బందిగా చూశాడు. "నిన్ననే వేరే మేడమ్‌ని తీసేసుకున్నామండీ. మీరు ఒక్కరోజు ముందొచ్చినా బాగుండేది" అన్నాడు.

సూర్యాపేటలో దిగి, తిన్నగా ఇంటికొచ్చి, తలుపేసుకొని నేల మీద కూర్చున్నాను. సెట్టింగుల్లోకి వెళ్లి, ఆ పెద్దమనిషి చెప్పినట్టే కార్డు నంబరు మార్చి, మా ఇంటి వైఫై నొక్కాను. కలిసింది. మా ఇంట్లో, నా చాప మీద, ఇంకెవరిదో నంబరు పెట్టుకుంటే నన్ను రానిచ్చింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ లినక్స్ మొదటిరోజే పట్టి, రాసి, నా ముందు పెట్టింది. నేనే ఆ కాగితం తీసుకెళ్లి దొంగతో చదివించుకున్నాను. అప్పుడే ఇంకొకటి తట్టింది. డెమో రోజు తీగ పట్టుకున్నది అక్క. అది కదిలిందా, కదిపిందా? ఈ రోజు వరకు అడగలేదు. జవాబు వినే ధైర్యం లేదు.

లాప్‌టాప్ తెరిచి పట్టుకొనే పైకెళ్లాను. ముందుగదిలో పిల్లలు కూర్చుని ఉన్నారు. అక్క, బావ వంటింట్లో ఉన్నారు. తెర వాళ్లవైపు తిప్పాను. బావ ఒక్క చూపు చూసి, చెప్పులు వేసుకొని, నా పక్కనుంచే దిగిపోయాడు. అక్క స్టవ్ ఆర్పింది.

"నేనే చెప్పిన ఆయనకు. ఆయన్ని ఏమనకు" అంది. "పిల్లలు నీ లెక్కల కోసం వస్తున్నరే, నాకోసం గాదు. ఆ సంగతి నాకు తెల్వదనుకున్నవా? నువ్వు పోతే ఈడ ఇంకేముంటది?"

ఎంత కోపంతో మెట్లెక్కానో, ఆ మాట విన్నాక అంతకు రెట్టింపయింది. ఎందుకంటే ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆ భయం నిజమే. దాన్ని పాయసంలో కలిపి నాకు పెట్టిందేం? నా కళ్లు తుడిచిందేం?

"ఒక్క మాట అడగకపోయినవ్ అక్కా. ఉండుమంటే ఉంటుంటి గద" అన్నాను.

అదీ నిజమే. ఉండేదాన్ని. కోదాడ వాళ్లకు నేనే వద్దని చెప్పి, ఆ సాయంత్రమే సుద్దముక్క పట్టుకునేదాన్ని.

అక్క నా కళ్లలోకి చూసింది. "ఇప్పుడడుగుతున్న. ఉంటవా?"

ముందుగది నుంచి ఎవరో, టీచర్, లెక్కల క్లాసెప్పుడు అని కేకేశారు. ఉండను అన్నాను. పుట్టి బుద్ధెరిగాక అక్కకు కాదని చెప్పిన మొదటి మాట అది. గోడ పట్టుకొని మెట్లు దిగాను.

పాపను తెచ్చుకొని పరీక్షలు రాయించి, అవి అవగానే మిర్యాలగూడ వచ్చేశాం. ఇక్కడ మిల్లు వీధిలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. కోదాడ లాంటి పని మళ్లీ దొరకలేదు, వెతుకుతున్నాను. లాప్‌టాప్‌లో లినక్సే ఉంది. ఆ పెద్దమనిషికి క్షమించమని రాస్తే, కలిసింది కదా, అదే చాలు అని జవాబిచ్చాడు.

మొన్న అక్క ఫోన్ చేసింది. పాప ఎలా ఉందంది, ఎండలెలా ఉన్నాయంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ అడ్డు తీసేసిండు మీ బావ. ఇగ నీ లాప్‌టాప్‌కు వస్తది. ఒకసారి వచ్చి సూస్కో" అంది. ఆ తర్వాత తప్పయిందే అని ఒక్క మాట అంటుందేమోనని ఫోన్ చెవికి ఆనించుకొని నిలబడ్డాను. అవతల అక్క ఊపిరి వినిపించింది. కాసేపటికి, ఉంట మరి అని పెట్టేసింది.