నాకు వినపడిన పదకొండు నిమిషాలు

నాలుగేళ్లుగా ఒక ఆడమనిషి గొంతు మోస్తున్నాను. ఆమె ముఖం నాకు తెలియదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఓదార్చకండి.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో రికార్డింగులు విని ఇంగ్లీషులో టైపు చేసేదాన్ని. కొత్తగా ఎన్నికలు జరుపుకున్న ఒక ఆఫ్రికా దేశంలో సాయుధ తిరుగుబాటు లేచింది. అక్కడి ప్రభుత్వానికి ఆయుధాలిస్తున్న పెద్ద దేశాలు, ఊళ్లలో ఏం జరుగుతోందో తేల్చమని విచారణ బృందాన్ని పంపాయి. ఆ సాక్ష్యాల రికార్డింగులు, దుబాసీ ఇంగ్లీషులో మార్చి చెప్పిన మాటలతో సహా, మా దగ్గరికి వచ్చాయి. మాట అందని చోట 'వినపడలేదు' అని పెట్టి ముందుకు పోవచ్చు. మళ్లీ ఎవరూ వినరు.

ఆమె రికార్డింగు నా చేతికొచ్చిన సాయంత్రం మంగళగిరి నుంచి అత్తయ్య ఫోన్ చేశారు. ఎనిమిది నెలల పాపకు జ్వరం నూట మూడు. టీమ్ లీడర్ నా కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఇంకా ఎంతుందమ్మా?"

"పదకొండు నిమిషాలండీ. ఏం వినపడట్లేదు, అంతా గాలి హోరే."

"అదే పెట్టేసి పంపెయ్. మనకి పేరు పలకడం కూడా రాని ఊళ్లు, మనల్నెవడు అడుగుతాడు? పోయి పాపని చూసుకో."

రికార్డింగులో గాలి లేదు. ఆ పదకొండు నిమిషాలూ అప్పటికే విన్నాను, టైపు చెయ్యడమే మిగిలింది. దుబాసీ ప్రతి మాటా విడమరిచి చెప్పాడు. నేను బస్సెక్కాను.

మర్నాటికి జ్వరం తగ్గింది. కొన్ని నెలలకు నివేదిక వచ్చింది. ఆ ఊళ్లో సైన్యం తప్పు చేసిందనడానికి సాక్ష్యం లేదట. దేశాలన్నీ ఆందోళన వెలిబుచ్చాయి. ఆయుధాలు పంపుతూనే ఉన్నాయి.

నా ఒక్క ఫైలుతో ఆగేవా? ఈ ప్రశ్న చాటున ఇన్నాళ్లూ దాక్కున్నాను. ఇక దాక్కోను. వినడం ఇష్టంలేని వాళ్ల చేతికి వినపడలేదన్న సాకు అందించింది నేనే. తల్లివి కదా అంటారేమో. ఆమె ఎవరనుకున్నారు?

బయటపెట్టనని ఆఫీసులో సంతకం చేశాను. చేస్తే చేశాను. ఆమె చెప్పింది ఇది.

వచ్చింది తిరుగుబాటుదారులు కాదు. జెండా కట్టిన సైన్యం లారీ. పట్టపగలు. బడిపంతులైన కొడుకుని ఎక్కించుకుపోయారు. ఎన్నికల రోజు ఊరందరి వేళ్లకూ సిరా పూసింది వీడేనని కాళ్లు పట్టుకుని చెప్పింది. చిన్నప్పుడు విరిగి వాడి ఎడమ చెయ్యి కాస్త వంకర, చూస్తే గుర్తుపట్టేస్తారు అంది.

నాకు స్పష్టంగా వినపడింది.