సర్వర్ పనిచేయని రోజు

ఇంటర్నెట్ ఇంకా టెలిఫోన్ తీగ మీద కుంటుకుంటూ వచ్చే ఆ కాలంలో బూర్గంపాడులో దాని రాకపోకలకు నేనే అధికారిని. మా మేనమామ తన ఎస్టీడీ బూత్‌లో ఒక కంప్యూటర్ పెట్టి, 'నెట్ సెంటర్' అని బోర్డు రాయించాడు. దాని ముందు కూర్చోబెట్టడానికి ఇంటర్ తప్పి ఖాళీగా తిరుగుతున్న మేనల్లుడిని మించిన యోగ్యుడు ఆయనకు కనబడలేదు. (మౌస్ పట్టడం వచ్చన్నాను. అప్పటిదాకా దాన్ని చూసిన పాపాన పోలేదు.)

పదో తరగతి ఫలితాలు నెట్‌లో వస్తాయనగానే ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ మేడం మా దగ్గరికొచ్చింది. అంతకుముందు ఏడాది పరీక్ష తప్పిన పిల్ల ఒకతి అడవిలోకి పోయి రెండు రోజులు దొరకలేదట. "ఫెయిలైనోళ్లకు అందరి ముంగట చెప్పకు తమ్మీ. సర్వర్ పనిచేస్తలేదను. నేను పక్కన కూసోబెట్టుకొని మెల్లగ చెప్త" అంది. మామ కూడా "అవ్, మన దుకాణంల ఎవ్వరు ఏడ్వొద్దు" అన్నాడు. ఫలితాల రోజు పొద్దున్నుంచీ అదే చేశాను. పాసైన వాళ్లకు మార్కులు, తప్పిన వాళ్లకు సర్వర్. నాలుగో పిల్లకొచ్చేసరికి నా మొహంలో జాలి దానంతటదే రావడం మొదలైంది. ముందున్న పిల్లకు పనిచేసిన సర్వర్ వెనకున్న పిల్లకు ఎందుకు పనిచేయదో పిల్లలకు తెలియదా? గంటలోనే బయట వరుసంతా గుట్టు కనిపెట్టేసింది. కనిపెట్టేశారని తెలియనిది మా ముగ్గురికే.

మధ్యాహ్నం గాలిదుమారానికి టెలిఫోన్ స్తంభం ఒరిగి, లైను తెగి, నెట్ ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే హాస్టల్‌లో అందరూ 'లెక్కల పిల్ల' అని పిలిచే అమ్మాయి హాల్‌టికెట్ నా ముందు పెట్టింది. పాసైతే కాలేజీ, లేకపోతే చదువు బంద్ అని వాళ్ల నాయన ముందే చెప్పాడట. "సర్వర్ పనిచేస్తలేదమ్మా" అన్నాను. అది నిజం. కానీ పొద్దున్నుంచీ అలవాటైన ఆ జాలి మొహం నన్ను వదల్లేదు. ఆ పిల్ల నన్నొక్కసారి చూసి, హాల్‌టికెట్ తీసుకుని, మేడం వచ్చేలోపే ఊరికి పోయింది.

మూడో రోజు లైనొచ్చింది. లెక్కల పిల్లకు ఫస్ట్ క్లాస్! ప్రింటు తీసుకుని బస్సెక్కి, దిగి, మైళ్లు నడిచి, బీడీలు చుట్టే తునికాకు ఆరబోసే కల్లం దగ్గర ఆ పిల్లను పట్టుకున్నాను. నాయన పక్కన కూర్చుని ఆకు కట్టలు తిప్పుతోంది.

"పాసైనవమ్మా!"

"మేడం పంపిందా అన్నా, ఓదార్చనీకి?"

"కాదమ్మా. ఆ దినం సర్వర్ నిజంగనే పనిచేయలే."

ఆ పిల్ల నవ్వింది. అలాంటి నవ్వు మళ్లీ ఎవరి మొహంలోనూ చూడకూడదని ఇప్పటికీ కోరుకుంటాను. "పుస్తకాలు నిన్ననే పొయ్యిల పెట్టిన" అంది.

నాయన కాగితం అటూ ఇటూ తిప్పి, "గిది మీ మిషన్ల కొట్టిందేనా?" అనడిగాడు.

"అవ్, మా మిషన్లనే!" అన్నాను గర్వంగా. ఆయన కాగితం మడిచి నా చేతిలోనే పెట్టాడు.

తరవాత మేడం పోయి చెబితే, "అబద్ధం చెప్పుమన్నది మీరే గదా" అందట ఆ పిల్ల. అసలు మార్కుల మెమో వచ్చేసరికి ఆ కుటుంబం నాట్ల పనికి వైరా వైపు పోయింది. మెమో హాస్టల్ బీరువాలో ఉండిపోయింది. ఆ పిల్ల దానికోసం ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు ఆ దుకాణం నాదే. తప్పిన పిల్లలకు స్టూలు జరిపి, "తప్పినవ్. కూసో, ఛాయ్ తాగు. నేను రెండుసార్లు తప్పిన" అంటాను. కొందరు ఏడుస్తారు, ఏడవనిస్తాను. సర్వర్ నిజంగా పనిచేయని రోజున మాత్రం స్క్రీన్‌ను వాళ్ల వైపు తిప్పి చూపిస్తాను. అప్పుడల్లా జాలి మొహం వేసుకు కూర్చున్న ఆ కుర్ర అధికారి గుర్తొచ్చి నవ్వొస్తుంది. స్క్రీన్ తిప్పడానికి ఆ రోజైనా అర నిమిషమే పట్టేది.