నల్లచుక్క తుమ్మింది

బొగ్గుగనిలో రిటైరయ్యాక నేనూ, మిత్రుడు రాజయ్యా వెటరన్స్ రైఫిల్ పోటీల కోసం చండ్రుగొండ అడవి అంచున సాధన చేసేవాళ్లం. తుపాకీ కొన కనిపించే కళ్లద్దాలు పెట్టుకుంటే, యాభై మీటర్ల అవతలి టార్గెట్ నాకు ఒట్టి నల్లచుక్కలా అలుక్కుపోయేది.

ఆ ఉదయం అద్దాలు తుడుచుకుని చూసేసరికి పక్కన రాజయ్య లేడు. టార్గెట్ మాత్రం మామూలు కంటే పెద్దగా కనిపించింది. సంబరపడి, ఊపిరి బిగబట్టి, ట్రిగ్గర్ మీద వేలు ఆనించాను. అడవిలో పిట్ట కూడా కూయడం లేదు.

నల్లచుక్క తుమ్మింది.

"అరె, ఆగు! కాయితం మారుస్తున్న. ఎర్రజెండ కానొస్తలేదా నీకు?" అని రాజయ్య అరిచాడు. అది ముందురోజే రంగేసుకున్న అతని తల!

రాజయ్య మళ్లీ రంగు జోలికి పోలేదు. నేను రైఫిల్ ముట్టలేదు. ఇన్నేళ్ల పోటీల్లో నా గురి ఆ ఉదయమంత చక్కగా ఎన్నడూ కుదరలేదు.