కుడి దిక్కున లేని మానిటర్

2010 సంగతి. దసరా వెళ్లిపోయింది గాని వానలు ఇంక వదలలే. ఉప్పల్ రింగురోడ్డు కాడ టిఫిన్ సెంటర్ మీది అంతస్తుల నా లాప్‌టాప్ రిపేరు షాపు. షాపంటే పెద్దగ ఊహించుకోకున్రి. ఒక బల్ల, ఒక సోల్డరింగ్ ఐరన్, కింది నుంచి పొద్దంత దోశ వాసన. బందులు, రాస్తారోకోల కాలం కాబట్టి షట్టర్ సగం ఎత్తి, సగం దించి పని నడిపించేటోన్ని.

నన్ను ఎక్కువ సతాయించిన రిపేరు ఏదని ఎవరన్న అడిగితే, మదర్‌బోర్డు కాలిపోయిన కథ ఏదో చెప్త అనుకుంటరు. కాదు. ఒక గ్రాఫిక్స్ డ్రైవర్. లాప్‌టాప్ లోపల బొమ్మ గీసే చిప్‌కు, సిస్టంకు నడుమ మాట చేరవేసే చిన్న సాఫ్ట్‌వేర్ అది. అది లేకున్న స్క్రీన్ వెలుగుతది గాని అక్షరాలు లావుగ, బొమ్మలు సాగదీసినట్టు వస్తయి. త్రీడీ పని అసలే కాదు. దాన్ని ఎక్కించుడు మాకు చాయ్ తాగినంత సేపటి పని. ఆ చాయ్ పనే నాకు చెమటలు పట్టించింది.

రజిత ఆ లాప్‌టాప్‌ను బట్ట సంచిల పెట్టుకొని వచ్చింది. చిన్న వయసే, నుదురు ఖాళీ. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా వెనుక గల్లీల అత్తతోటి ఉంటదట. భర్త మహేందర్ అక్కడ్నే ఒక టూల్ రూంల డిజైనర్. టూల్ రూం అంటే ప్లాస్టిక్ డబ్బాలకు, మూతలకు అచ్చులు తయారుచేసే చోటు. ఆయన ఎండకాలంల కామెర్లు ముదిరి పోయిండు.

"అన్న, డ్రైవర్ ఎక్కుతలేదు," అన్నది. "సగం దాక పోతది. స్క్రీన్ నల్లగైతది. లోపల సప్పుడొస్తది గాని ఏం కనబడది. బటన్ ఒత్తి ఆపి మల్ల ఆన్ చేస్తె లావు లావు అక్షరాలు."

"ఇంతకుముందు ఎవరు చేసిన్రు?"

"మౌలాలిల ఒకాయన ఫార్మాట్ చేసిచ్చిండు. డ్రైవర్ ఆయనతోటి కాలే. ఇంకొకాయనకు ఇస్తె ఒక్కరోజు పెట్టుకొని తీస్కపొమ్మన్నడు. ఏమైందంటె చెప్పలే."

ఆమెకు తొందరుండె. పెండ్లికి ముందు ఐటీఐల డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసిందట. టూల్ రూం సేటు మంచోడే, మహేందర్ కుర్చీ ఖాళీ ఉంచిండు. సోమవారం దాక ఒక మూత అచ్చు త్రీడీల గీసి చూపిస్తె ఆ కుర్చీ ఆమెది. లేకుంటె ఇంకొకర్ని పెట్టుకుంటడు. అప్పుడు ఇల్లు ఖాళీ చేసి, ఆమె జనగామ దిక్కు అన్నదమ్ముల ఇంటికి, అత్త తన బిడ్డ ఇంటికి పోవాలె.

"వాళ్ల వాకిట్ల కూసోని తినుడు నాతోటి కాదన్న," అన్నది. ఏడ్వలే. ఏడ్చినా బాగుండు, నాకు జర తేలికయ్యేది.

నేను పద్ధతిగ పోయిన. సేఫ్ మోడ్‌ల తెరిచిన, అంటే సిస్టం కనీస అవసరాలతోటే నడిచే తీరు. అందుల సగం సగం ఎక్కి ఇరుక్కున్న పాత ముక్కలన్ని ఊడ్చేసిన. ఆ మోడల్‌కు సరిపోయే డ్రైవర్ దించుకొని ఎక్కించిన. స్క్రీన్ ఒక్క క్షణం ఆరి వెలిగింది. అయిపోయింది. త్రీడీ సాఫ్ట్‌వేర్ తెరిస్తె అందుల డబ్బా గిర్రున తిరిగింది. ఇద్దరు వదిలిపెట్టిన కేసు గింతేనా అని కాలర్ ఎగరేసిన.

"ఇంటికాడ గూడ గిట్లనే ఉంటదా అన్న?"

"ఇల్లు మారితె మిషన్ మారతదా చెల్లె?" అని నవ్విన. ఆమె నవ్వలే.

తెల్లారి షట్టర్ ఎత్తకముందే మెట్ల మీద కూసోనుంది. లాప్‌టాప్ మూత చుట్టూ నల్లదారం, దానికొక తాయత్తు. అత్త సత్తమ్మ మౌలాలి గుట్ట ఎక్కి దర్గా నుంచి తెచ్చి కట్టిందట.

"ఇప్పుడు నల్లగైతలేదన్న. పోతున్నయి."

"ఏం పోతున్నయి?"

"నేను తెరిచిన విండోలు. గీస్తుంటె గీస్తుంటెనే కుడి దిక్కుకు పోతున్నయి. రాత్రి మా అత్తమ్మ సూసి కెవ్వుమన్నది."

నేను ఆన్ చేసిన. ఏం కాలే. మధ్యాహ్నం దాక పక్కన పెట్టుకొని ఇంకో పని చేసుకుంట ఒక కన్ను దాని మీదనే ఉంచిన. విండో ఇంచు కదలలే. ఈ అమ్మ అబద్ధం చెప్తదా అంటె, ఆ మొకం చూస్తె అట్ల అనబుద్ధి కాలే. నాకంటె ముందు చూసిన రెండో ఆయన ఏం చెప్పక ఎందుకు వాపస్ ఇచ్చిండో అప్పుడు మనసుల మెదిలింది. నాకు చిరాకు లేసింది. "పద చెల్లె, మీ ఇంటికే వస్త. నా ముంగట పోవాలె అవి," అన్న.

నాచారంల వాళ్లది ముందర ఒక అర్ర, ఆ గదిలనే ఓ మూలకు పొయ్యి. వాన సన్నగ పడుతుండె. పక్క షెడ్డుల లేత్ మిషన్ గుర్రుమంటుండె. గోడకు మహేందర్ బల్ల. బల్ల మీద సన్‌మైకా అంత పాతబడి రంగు తగ్గింది గాని, కుడి దిక్కున నలుచదరంగ ఒక జాగ మాత్రం కొత్తగ మెరుస్తున్నది. అక్కడ పెద్ద మానిటర్ ఉండేదట. కంపెనీది కాబట్టి, ఆయన పోయినంక తీసుకపోయిన్రు. ఆ జాగల ఎవరు ఏం పెట్టలే, చాయ్ గ్లాసు గూడ.

పొయ్యి మీద అన్నం ఉడుకుతుండె. సత్తమ్మ కడప మీద కూసోని నన్నే చూస్తున్నది. నేను త్రీడీ సాఫ్ట్‌వేర్ తెరిచిన. రజిత గీసిన మూత సగం దాక ఉంది, చక్కగ గీసింది. దాన్ని తిప్పి చూస్తున్న. స్క్రీన్ కన్నుగొట్టినట్టు ఆరి వెలిగింది. మూత లేదు. సాఫ్ట్‌వేర్ లేదు. కింది పట్టీ గూడ లేదు. ఉత్త నీలిరంగు మిగిలింది.

మౌస్ కదిపిన. బాణం గుర్తు కుడి అంచు దాక పోయి, అంచు దాటి పోయింది. నా చెయ్యి మౌస్ మీదనే ఉంది, గుర్తు మాత్రం ఆ మెరిసే జాగ మీది గాలిలకు పోయింది. అక్కడ ఊరికె ఒక క్లిక్ కొట్టిన. 'టింగ్' అని సప్పుడు. ఏదో పెట్టె తెరుచుకున్నది, ఏదో అడుగుతున్నది, జవాబు కోసం ఆగింది. మాకు మాత్రం కనబడుతలేదు.

అబద్ధమెందుకు, నా మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డయి. చెయ్యి మౌస్ మీద నుంచి తీసేసిన.

"సూసినవా కొడుకా?" అన్నది సత్తమ్మ, గొంతు తగ్గించి. "వాని పెద్ద టీవీ గక్కడ్నే ఉండె. ఏం పని చేసినా గటే గుంజుకునేటోడు. గిప్పుడు గూడ గుంజుకుంటుండు. నువ్వు చెయ్యకు పిల్లా అంటుండు. పొద్దుగూకె లోపల దీన్ని నేనే తీస్కపోయి మూసీల ఏసొస్త, పీడ పోతది."

"ఆయన గట్ల చెయ్యడు అత్తమ్మ," అన్నది రజిత పొయ్యి కాడికెల్లి. ఆ మాట చిన్నగనే అన్నది గాని, అంత గట్టి మాట నేను ఆ ఇంట్ల మల్ల వినలే.

నేను ఊపిరి తీసుకొని డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిపించిన. మౌస్ ముట్టకుండ, కీబోర్డు మీటలతోటే ఆ విండోను ఇటు స్క్రీన్ మీదికి గుంజుకున్న. అందుల రెండు డబ్బాలున్నయి. ఒకటి, రెండు. ఒకటి లాప్‌టాప్ స్క్రీన్. రెండు, దాని కుడి పక్కన. అంటె సిస్టం లెక్కల అక్కడ ఒక మానిటర్ ఉంది. వైరు లేదు, మానిటర్ లేదు.

అప్పుడు బుర్ర పనిచేసుడు మొదలైంది. గ్రాఫిక్స్ డ్రైవర్ లేవగానే చేసే మొదటి పని, బయటి మానిటర్ పెట్టే సందును పలకరించుడు: ఎవరన్న ఉన్నరా? జవాబొస్తె బొమ్మను అటు పంపుతది. డ్రైవర్ లేనప్పుడు ఆ పలకరింపే ఉండదు, అందుకే లావు అక్షరాలతోటి నడిచింది. ఎక్కించేటప్పుడు సగంల నల్లగయ్యేది గూడ అందుకే. బొమ్మ మొత్తం లేని మానిటర్ కాడికి పోయేది, వీళ్లు భయపడి బటన్ ఒత్తితె డ్రైవర్ సగంల తెగిపోయేది. అంతవరకు మంచిగనే ఉంది. మరి 'ఉన్న' అని జవాబు ఎవరిస్తున్నరు?

లాప్‌టాప్ వెనుకకు తిప్పిన. మానిటర్ వైరు పెట్టే నీలి సందుల టార్చ్ కొట్టిన. సన్న రంధ్రాల నిండ ఎర్రగ ఏదో ఉంది. మొదట నెత్తురనుకున్న, చెయ్యి వెనక్కి గుంజుకున్న. తర్వాత దూది పుల్ల స్పిరిట్‌ల ముంచి తిప్పితె ఎర్రగ అంటుకొని వచ్చింది. కుంకుమ. తడిపి పెట్టిన కుంకుమ రంధ్రాలల్ల దిగి ఎండింది. పొయ్యి ఆవిరి తగిలి తేమెక్కినప్పుడల్ల పిన్నులను కలుపుతున్నది, మానిటర్ ఉన్నట్టు డ్రైవర్‌కు జవాబు పోతున్నది. నా షాపుల ఆవిరి లేదు. మౌలాలి ఆయన చేసినప్పుడు కుంకుమ ఇంక పచ్చిగనే ఉండొచ్చు. నేను అనుకున్న లెక్క ఇది. ఇప్పటికీ అదే అని చెప్త.

తల ఎత్తి రజితను చూసిన. ఆమె మొకంల రంగు లేదు. వద్దన్నట్టు తల కొంచెం ఆడించింది.

సమజైంది. మనిషి పోయిన ఇంట్ల ఏడాది తిరిగేదాక పండుగ లేదు. అందుల భర్త పోయిన ఆమె కుంకుమ ముట్టుడు ఇంకా తప్పు. దసరానాడు నాచారంల మిషన్లన్నిటికి పసుపు కుంకుమలు పెడతరు, నిమ్మకాయలు కడతరు. ఆ ఒక్క ఇంట్ల ఆ ఏడు ఏం పెట్టొద్దు.

"ఏందది?" అన్నది సత్తమ్మ.

"తుప్పు పెద్దమ్మ. వానలకు పట్టింది."

ఆమె లేచి వచ్చి నా చేతిల దూది పుల్ల గుంజుకొని ముక్కు కాడ పెట్టుకున్నది. "తుప్పుకు పసుపు వాసనొస్తదా కొడుకా?"

అన్నం పొంగి పొయ్యి మీద పడి చుర్రుమన్నది.

"నేనే పెట్టిన అత్తమ్మ," అన్నది రజిత. "పండుగనాడు. ఏటేటా ఆయన స్నానం చేసొచ్చి దీన్ని ముంగట పెట్టేది, నేను బొట్టు పెట్టేది. ఊకె ఎట్లుండాలె? ఎవ్వరికి కనబడొద్దని ఎనుక పెట్టిన. ఆయన రోజు వైరు పెట్టే జాగ గదే." అప్పుడు ఏడ్చింది, కొంగు నోట్ల కుక్కుకొని.

సత్తమ్మ తిడుతదనుకున్న. నేను అడ్డం పోదామని సగం లేచిన గూడ. ఆమె ఆ ఎర్ర దూది మీద నుంచి కన్ను తీయలే.

"మీ మామ కాలం చేసిన ఏడు నేను గూడ పెట్టిన," అన్నది. "ఆయన సైకిల్‌కు. సీటు కింద, ఎవ్వరు వంగి సూడని కాడ. గిన్నేండ్లల్ల ఎవ్వరికి చెప్పలే."

నేను పనిల పడ్డ. దూది పుల్లలు తెల్లగ వచ్చేదాక తుడిచిన, గాలి కొట్టిన, ఆరబెట్టిన. పాత డ్రైవర్ తీసేసి, అక్కడ్నే, ఆ పొయ్యి పక్కనే మల్ల ఎక్కించిన. సగంల స్క్రీన్ ఆరింది. అది మామూలుగనే ఆరుతది, నాకు తెలుసు. ముగ్గురం ఆ నల్ల స్క్రీన్‌ను చూస్తున్నం. వెలిగింది. సెట్టింగ్స్‌ల ఒక్కటే డబ్బా. రజిత మూత గీసుడు మొదలుపెడితె అది ఎటు పోలే. ఆమె మాత్రం ఒకసారి కుడి దిక్కు చూసి, చూపు తిప్పుకున్నది. పీడ పోయిందని నేను సంబురపడుతుంటె, ఆమెకు అది ఇంకోసారి పోగొట్టుకున్నట్టు అనిపించిందేమో.

సామాన్లు సదురుకుంట, మెకానిక్ బుద్ధి కదా, చెప్పిన: "ఇంకెప్పుడు మిషన్లకు తడి కుంకుమ పెట్టొద్దమ్మ. పాడైతయి."

సత్తమ్మ నా మీద గయ్యిమన్నది. "పెట్టొద్దని మాకు చెప్పెటోళ్లు మస్తుమంది ఉన్నరు కొడుకా. నువ్వు పని తెలిసినోనివి గదా. యాడ పెట్టాల్నో చెప్పు."

లాప్‌టాప్ మూసి, తాయత్తు దారం విప్పి, మూత నడుమ వేలు పెట్టి చూపిచ్చిన. సత్తమ్మ గూట్లకెల్లి కుంకుమ భరిణె తీసి, మూత విప్పి కోడలి ముంగట పట్టింది. ఏడు తిరగలే. పండుగ గూడ కాదు. రజిత వేలు ముంచి పెట్టింది, బొట్టు గుండ్రంగ వచ్చింది.

సోమవారం ఆమె ఆ కుర్చీల కూసున్నది. నా కాడికి ఇప్పటికీ దసరాకు ముందు లాప్‌టాప్‌లు సర్వీసింగ్‌కు వస్తయి. ఎవ్వరికి పెట్టొద్దని చెప్పను. మూత మీద జాగ తుడిచి, ఇక్కడ పెట్టున్రి అని చూపిస్త.