కాళ్లు బిగిస్తే ఆగే దొరసాని

చేతిలో ఫోన్ ఉంటే నాకు రాని విద్యే లేదని గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఉదయగిరిలో మా మామ ఇంట్లో తిని తిరిగేవాణ్ణి. మామకు పెళ్లి ఊరేగింపులకు తిప్పే తెల్ల గుర్రం ఉండేది. పేరు దొరసాని. (పేరుకు తగ్గట్టే, బెల్లం ముక్క చూపించనిదే నా వైపు మొహం తిప్పేది కాదు.) ఉన్నట్టుండి మా చుట్టుపక్కల పెళ్లికొడుకులందరికీ పూలు కట్టిన కార్ల మీద మోజు పుట్టి, దానికి పని లేకుండా పోయింది. "ఇంక మేపలేనురా, సంతకు తోలేస్తా" అన్నాడు మామ. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అంతలో, పిల్లలకు స్వారీ నేర్పే నెల్లూరు సారొకాయన, పనికొచ్చేదైతే తీసుకుంటాను, నెలాఖరుకు వచ్చి చూస్తానని కబురు పెట్టాడు.

స్వారీ గుర్రమంటే మనిషి కాళ్లతో చెబితే వినాలి. దొరసానికి మామ ముందు నడిస్తే వెనక నడవడమే తెలుసు. నేను వీడియోలు చూశాను. పిక్కలతో డొక్కలు మెల్లగా నొక్కాలి, ఒక్క అడుగు వేయగానే వదిలేసి మెడ నిమరాలి, అంతే. కోట కొండ కింద బీడు చేలో ఎక్కి కూర్చుని నొక్కాను. కదల్లేదు. ఇంకాస్త నొక్కాను. నాలుగు కాళ్లూ పాతినట్టు నిలబడింది. వదిలేస్తే గడ్డి కోసం తనంతట తానే నడిచేది, నొక్కగానే ఆగిపోయేది. పదిహేను రోజులు ఇదే తంతు. తొడలు ఒరుసుకుపోయి కాళ్లు ఎడంగా వేసుకుంటూ ఇల్లు చేరితే, "దానికి నేర్పతుండావా, అది నీకు నేర్పతుండాదా?" అని అత్త నవ్వేది. మామను అడుగుదామంటే నామోషీ. వీడియోలు చూసినవాణ్ణి కదా!

సారు రానే వచ్చాడు, ఎనిమిదేళ్ల కూతురితో. నేను ఎక్కి నొక్కాను. దొరసాని ఆగి, తీరిగ్గా ఆవలించింది. అయిపోయింది, ఇక సంతే అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పాప తానూ ఎక్కుతానని మారాం చేస్తే ఎక్కించి, మామ కళ్లెం పట్టుకుని నడిపించాడు. నాలుగు అడుగులకే పాప భయపడి కాళ్లు బిగించింది. దొరసాని టక్కున ఆగి, పాప కాళ్లు వదులయ్యేదాకా చెవి కూడా కదపలేదు.

"పెండ్లికొడుకులు బెదిరి కాళ్లు బిగిస్తారు సార్. బిగిస్తే ఆగమని నేనే నేర్పించినా" అన్నాడు మామ.

"నాకు చెప్పలేదే మామా?"

"నువ్వు అడిగినావా?"

సారు దొరసాని మెడ నిమిరాడు. "మా దగ్గరికొచ్చే కొత్త పిల్లలంతా భయంతో కాళ్లు బిగించేవాళ్లే. ఇట్లాంటిదాని కోసమే వెతకతుండా" అన్నాడు.

దొరసాని నెల్లూరు వెళ్లిపోయింది. నేను ఆత్మకూరులో చిన్న ఉద్యోగంలో కుదురుకున్నాను. నా బండి వెనక కూర్చున్న మా ఆవిడ, మలుపుల్లో బెదిరి నా నడుం గట్టిగా పట్టుకుంటుంది. వెంటనే బండి ఆపి, ఆ చేతులు వదులయ్యేదాకా కదలను. మీకెంత ఓర్పండీ అంటుందామె. ఆ ఓర్పు ఎవరు నేర్పారో మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.