లేని వాసన

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే అదేదో ప్రతి క్షణం గుండెల మీద కూర్చుందని కాదు. అన్నం తిన్నాను, డ్యూటీకి వెళ్ళాను, కొడుకు పెళ్ళి చేశాను. నా భార్య అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నప్పుడు మాత్రం గుర్తొచ్చేది. ఆమె ఆ పని రోజూ చేస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది విశాఖ సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట. నేను టెన్త్ పాసై పోర్టులో కళాసీగా చేరాను. నా భార్య, పేరు రాయను, తెల్లారే రేవులో చేపలు వేలంపాటలో కొని, గంప నెత్తిన పెట్టుకుని సీతమ్మధార వీధుల్లో అమ్మేది. చేప మీద వేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు, అది ఆ పొద్దున పడిందో, రెండు రోజులు ఐసులో పడుకుందో చెప్పేసేది. పాట దగ్గర మిగతా ఆడవాళ్ళు చేపను చూసేవారు కాదు, ఆమె మొహం చూసేవారు. ఆ గంప వల్ల పేటలో ఆమెకో పరువు ఉండేది.

తొంభైల్లో, ముప్పై ఎనిమిదేళ్ళకే నాకు షుగరు వచ్చింది. ఏడాది తిరిగేసరికి అంగం లేవడం మానేసింది. సూటిగానే రాస్తున్నాను, ఇన్నాళ్ళు చుట్టూ తిరిగింది చాలు. మొదట అలసట అనుకున్నాను. తర్వాత తాగుడు మానేశాను. ఎవరో ఇచ్చిన వేర్ల పొడి కూడా తిన్నాను. ఆమె ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కోపం తెప్పించింది. అని ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణేమో. ఏమో, ఇది కూడా సాకేనా?

ఒక మధ్యాహ్నం ఆమె బేరం ముగించుకొచ్చి, గంప దించి, స్నానం చేసి నా పక్కన కూర్చుంది. భుజం మీద చెయ్యి వేసింది. తోసేశాను.

“నీ ఒంటికాడ సేపల కంపు కొడతంది. అందుకే నాకేటీ అవట్లేదు.”

“ఏటి మావా? పెళ్ళై ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడొచ్చిందా కంపు?”

“ఇన్నాళ్ళూ ఓర్సుకున్నాను. ఇంక నా వల్ల కాదు.”

“మీ అమ్మ మొయ్యలేదేటి గంప? నువ్వు పెరిగింది ఆ కంపులో కాదేటి?”

లేచి బయటికి పోయాను. మా పేటలో మగవాడు పెళ్ళాన్ని ఏ మాటైనా అంటాడు, ఈ మాట మాత్రం అనడు. ఆ వాసనతోనే మాకు అన్నం దొరికింది. అందుకే ఆమె నమ్మింది. అనకూడని మాట నా నోట వచ్చిందంటే అది నిజమే అయ్యుంటుందని అనుకుంది. వారం తిరక్కుండా గంప అటకెక్కింది. చేతులు చింతపండుతో తోముకోవడం, వాసన చూసుకోవడం అప్పుడే మొదలైంది.

మరుసటి ఏడు సీతమ్మధారలోనే ఒక సర్జన్ దగ్గరికి వెళ్ళాను. ఆమె ఇక ఆ వీధుల్లో తిరగదు కాబట్టి ఎదురుపడుతుందన్న భయం లేదు. ఆ ధైర్యం నాకు ఎలా వచ్చిందో చూడండి. డాక్టరు ముందు ఇంజెక్షన్లతో ప్రయత్నించాడు, లాభం లేకపోయింది. ఇక ఆపరేషనే అన్నాడు. లోపల రెండు సన్నటి కడ్డీలు పెడతారట. కిందికి వంచితే వంగుతుంది, పైకెత్తితే నిలబడుతుంది, మెత్తబడటమంటూ ఉండదు. ఒకసారి పెట్టాక మళ్ళీ పాత మనిషివి కాలేవని, షుగరు అదుపులో లేకపోతే చీము పడుతుందని రెండుసార్లు చెప్పాడు. మీ ఆవిడను తీసుకురండి, ఇద్దరికీ చెప్పాలి అన్నాడు.

చేపల బేరం కదండీ, ఆవిడకు తీరదు అన్నాను.

ఇంట్లో వరిబీజం ఆపరేషన్ అని చెప్పాను. మా వైపు అది మామూలే, ఎవరూ గుచ్చి అడగరు. నొప్పి తగ్గడానికి నెలన్నర పట్టింది. తర్వాత పని జరిగింది. డాక్టరు చెప్పినట్టే జరిగింది. ఆ రోజు ఆమె ఏడ్చింది. గంప మానేసి మంచి పని చేశాను మావా, అంది. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. మంచినీళ్ళు అడిగాను.

ఒక్కటే అర్థం కాదు. చేపను నొక్కి దాని వయసు చెప్పే వేలికి, నా ఒంట్లో కడ్డీలున్నాయని తెలియలేదా? తెలిస్తే వాసన అబద్ధమనీ తెలిసి ఉండాలి. తెలిసీ నా పరువు కోసం తన గంపను అటక మీదే ఉంచేసిందా? తెలియలేదంటే గంపతో పాటు ఆ వేలి నేర్పు కూడా నేనే పోగొట్టాను. రెండింటిలో ఏది నిజమైనా నేను అడగలేను.

పోయిన నెల కోడలు ఆ గంప దించి దుమ్ము దులిపింది. రేపట్నుంచి బేరానికి పోతానంది. నేను అరుగు మీద పేపరు పట్టుకుని ఉన్నాను.

“వొద్దమ్మా,” అంది నా భార్య. “మీ మావకి ఆ కంపు పడలేదు. నీ మొగుడికీ పడదు. కాపురం సెడగొట్టుకోకు.”

కోడలు నా వైపు చూసింది. నేను పేజీ తిప్పాను. గంప మళ్ళీ అటకెక్కింది. నేను అన్న ఒక్క మాట ఇప్పుడు రెండో ఆడదాని నెత్తి మీద గంప కూడా దించేసిందని ఆ పూట తెలిసింది. సిగ్గేసింది. పన్నెండేళ్ళలో మొదటిసారి నిజంగా సిగ్గేసింది.

క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. క్షమించాల్సినవాళ్ళు మీరు కాదు. ఆమెకు చెబుతానో లేదో కూడా తెలియదు. మాటిస్తే ఇంకో అబద్ధం అవుతుందేమో. కానీ ఇంతవరకూ ఎక్కడా అనని మాట ఒకటి కాగితం మీద పడింది, ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.

ఇప్పుడు పెరట్లో ఆమె కూరకు చేపలు కోస్తోంది. అయిపోయాక చింతపండు రాసుకుని, కడుక్కుని, అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. వాసన లేదు. ఆ రోజు కూడా లేదు.